బుడాపెస్ట్‌లో దొరబాబు పెళ్ళిచూపులు

ఈ భూమ్మీద ఉన్న తెలివిలో సగానికి పైగా తమ ఫ్లాట్‌లోనే ఉందని ఆ ముగ్గురికీ గట్టి నమ్మకం. మిగతా సగం ఎక్కడుందో వాళ్ళు పట్టించుకోలేదు. లోకానికి కూడా ఏదో కాస్త ఉండాలి కదా, పోనీలే అని దయతలిచి వదిలేశారు.

దొరబాబు, తాతాజీ, గౌరీశంకరం. ముగ్గురిదీ కోనసీమలో కొత్తపేట దగ్గర ఒకటే ఊరు, ఒకటే బడి, ఒకటే బెంచీ. ఇప్పుడు వియన్నా పక్కన ఒక చిన్న ఊళ్ళో ఒకటే ఫ్లాట్. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రాసిచ్చింది రాసిచ్చినట్టు చెయ్యాలి, సొంత బుర్ర వాడకూడదు. అందుకని ముగ్గురికీ ఆఫీసులో మహా మంచి పేరు.

వాళ్ళ తెలివి ఏపాటిదో చెప్పకపోతే మీకు అర్థం కాదు. వాళ్ళ బిల్డింగులో లిఫ్టు పక్కన ఒక బోర్డు ఉంది, నిప్పంటుకున్నప్పుడు మెట్లు వాడండి అని. ఒకరోజు లిఫ్టు పాడయింది. మిగతా జనమంతా అక్షరం ముక్క రాని వాళ్ళలా చకచకా మెట్లు దిగిపోయారు. మనవాళ్ళు అలా దిగుతారా? ఆగి బోర్డు చదివారు. నిప్పేదీ? లేదు. నిప్పు లేకుండా మెట్లెలా వాడతాం? తప్పు కదూ! తాతాజీ లోపలికెళ్ళి ఒక పాత పేపరు తెచ్చి, మెట్ల మొదట్లో పెట్టి అగ్గిపుల్ల గీశాడు. ఇంకేముంది, అలారం గోల, కింద ఫైరింజన్ గోల, అన్ని ఫ్లాట్ల వాళ్ళూ రోడ్డు మీద. మన ముగ్గురూ మాత్రం దర్జాగా మెట్లు దిగొచ్చి, ఎదురొచ్చిన ఫైర్‌మన్‌తో "బోర్డు ప్రకారమే దిగామండి" అన్నారు. ఆయన వాళ్ళ వంక ఒక చూపు చూశాడు. అది మెచ్చుకోలు చూపని ముగ్గురూ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత తెలివైన దొరబాబుకి పెళ్ళి కుదరటం లేదంటే నమ్మండి. ఇంతకు ముందు అమలాపురం సంబంధం ఒకటి దాదాపు కుదిరినట్టే కుదిరింది. పిల్ల తండ్రి సున్నుండల పళ్ళెం ముందుకు జరిపి, "మొహమాటం లేదు బాబూ, నీకు ఇష్టమొచ్చినన్ని తిను" అన్నాడు. మనవాడు పళ్ళెం ఖాళీ చేసి, వంటింట్లోకి వెళ్ళి డబ్బా కూడా ఖాళీ చేసి వచ్చాడు. ఆయనే కదండీ ఇష్టమొచ్చినన్ని అన్నాడు! అంతే, ఆ సంబంధం అక్కడితో సరి.

అందుకని ఈసారి వాళ్ళమ్మ వీరలక్ష్మమ్మ గారు ఫోన్లో గట్టిగా చెప్పారు.

"ఒరేయ్ దొరా, నీకు దణ్ణం పెడతాను, నీ బుర్ర వాడకు. ఆ పిల్ల ఏం చెప్తే అది చెయ్యి. చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఈ సంబంధం కూడా పోయిందంటే, నేనింక ఎవరి గుమ్మమూ తొక్కను. నాకు ఓపిక లేదు నాయనా."

ఆవిడ కష్టం ఆవిడది. కానీ ఎవరికి ఏ సలహా ఇస్తున్నామో కాస్త చూసుకోవద్దూ? అలాంటి సలహా దొరబాబుకి ఇవ్వటమంటే, కోతికి కొబ్బరికాయ ఇచ్చి గుళ్ళో కొట్టిరమ్మనటమే.

పిల్ల పేరు మైథిలి. కాకినాడ వాళ్ళమ్మాయి. బుడాపెస్ట్‌లో మందుల కంపెనీలో పని. చురుకైన పిల్ల, మాట కూడా చురుకే. "ట్రే పట్టుకొచ్చి తలొంచుకుని కూర్చోవటం నా వల్ల కాదు నాన్నా. శని ఆదివారాలు వచ్చి ఈ ఊరు చూడమను, స్నేహితుల్ని కూడా తెచ్చుకోమను. నాలుగు చోట్ల తిరిగితే మనిషేమిటో తెలిసిపోతుంది. ఆదివారం సాయంత్రం రైలెక్కే లోపల నా మాట చెప్పేస్తాను" అంది తండ్రితో.

దొరబాబుకి ఆ పిల్ల నిజంగానే నచ్చింది. ఫోటో చూసిన దగ్గర్నుంచీ అన్నంలో ఆవకాయ కలుపుకోవటం కూడా మర్చిపోతున్నాడు. కోనసీమ వాడికి అంతకంటే పెద్ద జబ్బు లేదు.

సరే, నవంబరు చలిలో శనివారం పొద్దున్నే ముగ్గురూ బుడాపెస్ట్‌లో రైలు దిగారు. దిగీ దిగగానే మైథిలి ఫోన్ చేసింది.

"దొరబాబు గారూ, స్టేషన్ బయట పెద్ద గడియారం ఉంటుంది. దాని కిందే నిలబడండి. నేను మీ దగ్గరికొచ్చేదాకా అక్కణ్ణించి కదలొద్దు."

కదలలేదు. ఆ సమయానికి పైన ఒక పనివాడు నిచ్చెన వేసుకుని గడియారం కడుగుతున్నాడు. బకెట్టు నీళ్ళు, సబ్బు నురగ, అన్నీ కిందికే. దారినపోయే వాళ్ళంతా పక్కకి తప్పుకుంటున్నారు. మనవాళ్ళు తప్పుకోలేదు. పనివాడు పైనుంచి కేకలేశాడు, చేతులూపాడు. వీళ్ళూ చేతులూపారు.

"ఎంత మర్యాదైన ఊర్రా, దిగీ దిగగానే పలకరిస్తున్నారు!" అన్నాడు గౌరీశంకరం, కళ్ళల్లో నురగ తుడుచుకుంటూ.

ఈలోగా రోడ్డుకి అటుపక్క మైథిలి కనిపించింది. "రండి, రండి" అని చెయ్యూపింది. ముగ్గురూ అడ్డంగా తలూపారు. ఆవిడ దగ్గరికొచ్చేదాకా కదలొద్దని ఆవిడే చెప్పింది, ఆవిడింకా దగ్గరికి రాలేదాయె. చివరికి పాపం ఆ పిల్లే రెండు ట్రాములు పోనిచ్చి, రోడ్డు దాటి వచ్చింది. వచ్చి చూస్తే పెళ్ళికొడుకు నెత్తిన నురగ, ముక్కు చివర నీటిబొట్టు.

"అయ్యో, పక్కకి జరగొచ్చు కదండీ!"

"మీరు కదలొద్దన్నారండి" అన్నాడు దొరబాబు వినయంగా.

మైథిలి నవ్వింది. ఇంకేముంది, తాతాజీ దొరబాబుని మోచేత్తో పొడిచి, "సగం పని అయిపోయిందిరా" అన్నాడు.

మిగతా సగం మెట్రో దగ్గర జరిగింది. ఆ ఊళ్ళో మెట్రో పాతాళంలో ఉంటుంది. దిగటానికి ఎస్కలేటర్, అది ఉరికే ఉరుకు చూస్తే కొత్తవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. మైథిలి మంచికే చెప్పింది. "ఇది చాలా స్పీడండి. పక్కనున్న రబ్బరు పట్టీ గట్టిగా పట్టుకోండి. ఏం జరిగినా చెయ్యి మాత్రం వదలకండి."

దొరబాబు రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక తాతాజీ, ఆ వెనక గౌరీశంకరం కూడా అంతే. కిందికొచ్చారు. మెట్లు నేలలో కలిసిపోయాయి, అందరూ దిగి వెళ్ళిపోతున్నారు. పట్టీ మాత్రం నేలలో కన్నంలోకి దూరిపోతుంది కదా, దాంతోపాటు దొరబాబూ వంగాడు. వంగి కూర్చున్నాడు. కూర్చుని బోర్లా పడుకున్నాడు. చొక్కా చెయ్యి కన్నంలోకి పోతోంది, అయినా వదల్లేదు. వాడి మీద తాతాజీ, తాతాజీ మీద గౌరీశంకరం. వెనకొచ్చే జనం ఈ ముగ్గురి మీద. ఒక ముసలావిడ బుట్టలో ఉల్లిపాయలు ప్లాట్‌ఫారం అంతా దొర్లాయి. ఎవరో ఎర్ర బటన్ నొక్కారు. అంతే, ఎస్కలేటర్ ఆగిపోయింది. పైనుంచి కింద దాకా నిలబడ్డ జనమంతా తిట్టుకుంటూ నడిచి దిగారు.

"వదలండి! వదిలెయ్యండి!" అని మైథిలి అరిచింది.

దొరబాబు వెంటనే వదిలేశాడు. లేచి, చిరిగిన చొక్కా దులుపుకుని, "మీరు చెప్పేదాకా వదల్లేదు, చూశారాండి?" అన్నాడు. ఈసారి మైథిలి నవ్వలేదు. వంగి ఉల్లిపాయలు ఏరింది.

ఆ పూట ఆవిడకి ఆఫీసు వాళ్ళతో ఒక మీటింగు ఉంది. ముగ్గుర్నీ వాళ్ళ మానాన వదిలేస్తే ఏమవుతారో అని భయం. అక్కడ విదేశీయుల్ని వీధుల్లో తిప్పి ఊరు చూపించే గైడ్లు ఉంటారు. అలాంటి ఒక గైడుకి వీళ్ళని అప్పగించింది. పేరు లాస్లో, పెద్ద పొట్ట, చేతిలో పసుపు గొడుగు. జనం తప్పిపోకుండా ఆ గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడుస్తాడు.

"ఆ గొడుగు ఎటు వెళ్తే అటు వెళ్ళండి. దాన్ని కంటి ముందునుంచి పోనివ్వకండి. మిమ్మల్ని ఈ ఊళ్ళో వెతకటం నా వల్ల కాదు" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

లాస్లో కోట చూపించాడు, వంతెన చూపించాడు, నది ఒడ్డున పార్లమెంటు చూపించాడు. మనవాళ్ళు ఏదీ చూడలేదు. గొడుగుని చూశారు. అలా చూస్తూ తాతాజీ ఒక దీపస్తంభానికి గుద్దుకున్నాడు కూడా. చివర్లో అందరూ చప్పట్లు కొట్టి ఎవరి దారిన వాళ్ళు పోయారు. లాస్లో గొడుగు మూసి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ముగ్గురూ వెనకే.

లాస్లో మంగలి షాపుకి వెళ్ళాడు. వీళ్ళూ వెళ్ళి వరసగా కూర్చున్నారు. ఆయన ట్రామెక్కాడు, వీళ్ళూ ఎక్కారు. ఆయన దిగి పరిగెత్తాడు. వీళ్ళూ పరిగెత్తారు.

"టూర్ అయిపోయింది బాబూ, వెళ్ళండి!" అని ఆయన ఇంగ్లీషులో మొత్తుకున్నాడు.

"మీరు వెళ్ళండి సార్, మాకు మీతో పనిలేదు. మేము గొడుగుతో ఉన్నాం" అన్నాడు గౌరీశంకరం.

ఆయన ఇంట్లోకి దూరి, గొడుగు గుమ్మం పక్కన స్టాండులో పడేసి సోఫాలో కూలబడ్డాడు. తలుపు వేసుకునే లోపలే వీళ్ళు చొరబడి, స్టాండు చుట్టూ నిలబడ్డారు, దేవుడి గదిలో నిలబడ్డట్టు. ఇంతలో లోపల్నుంచి ఆయన భార్య పట్టుచీర కట్టుకున్నంత హడావిడిగా తయారై వచ్చింది. బయట చినుకులు. గొడుగు తీసుకుని చెల్లెలి కూతురి పెళ్ళికని చర్చికి బయల్దేరింది. ఇంకేముంది, గొడుగు కదిలింది, ముగ్గురూ కదిలారు.

మీటింగు అయ్యాక మైథిలి ఫోన్ చేసింది. "ఎక్కడున్నారండీ?"

"పెళ్ళిలో ఉన్నామండి."

"పెళ్ళేమిటి? ఎవరి పెళ్ళి?"

"తెలీదండి."

"తెలీకుండా ఎలా వెళ్ళారు? పెళ్ళికూతురు తరఫా, పెళ్ళికొడుకు తరఫా?"

దొరబాబు ఒక్క క్షణం ఆలోచించి, "గొడుగు తరఫండి" అన్నాడు.

మైథిలి పరిగెత్తుకుని వచ్చేసరికి చర్చి మెట్ల మీద గ్రూపు ఫోటో తీస్తున్నారు. పెళ్ళికూతురికి కుడిపక్క తాతాజీ, గౌరీశంకరం, ఎడంపక్క లాస్లో భార్య దగ్గర అందుకున్న పసుపు గొడుగు పట్టుకుని మన పెళ్ళికొడుకు. అసలు పెళ్ళికొడుకు వెనక వరసలో మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు. అందరికీ క్షమాపణలు చెప్పుకుని, ముగ్గుర్నీ చెవులు పట్టుకున్నంత పనిచేసి లాక్కొచ్చింది ఆ పిల్ల.

సాయంత్రం డాన్యూబ్ నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని, మైథిలి ఉన్నమాట అనేసింది.

"దొరబాబు గారూ, మీరు చెడ్డవాళ్ళు కాదని తెలుస్తూనే ఉంది. కానీ నేను రోజంతా ఒకరి వెనక పడి సర్దుకుంటూ తిరగలేను. రేపు కూడా ఇలాగే ఉంటే మనకి కుదరదు. కోపం తెచ్చుకోకండి."

 దొరబాబు నది వైపు చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళమ్మ గొంతు, ఓపిక లేదు నాయనా అన్న మాట, చెవిలో వినిపిస్తూనే ఉంది. వాడి మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. మైథిలికీ వేసింది. అందుకే పోతూ పోతూ కాస్త మెత్తగా అంది.

"రేపు పొద్దున్న వేడినీటి స్నానాలకి వెళ్దాం. ఈ ఊరికి అదే గొప్ప. నేల లోపల్నుంచి వేడినీళ్ళు వస్తాయి, పెద్ద కొలనులా ఉంటుంది. మీరు సిగ్గుపడి ఒడ్డున కూర్చోకండి. ఇంట్లో ఆదివారం తలంటు పోసుకున్నట్టు హాయిగా స్నానం చెయ్యండి, సరేనా?"

తాము దిగిన హాస్టల్ గదికి వెళ్ళాక మేధావులు ముగ్గురూ సమావేశమయ్యారు.

"ఇవాళ మనం ఎక్కడ తప్పు చేశామంటావ్?" అన్నాడు దొరబాబు దిగులుగా.

"నువ్వు ఫోన్ ఎత్తినప్పుడు గొడుగు మీంచి కన్ను తీశావు. నేను చూశాను" అన్నాడు తాతాజీ.

"అదేరా కొంప ముంచింది!" అన్నాడు గౌరీశంకరం. "కంటి ముందునుంచి పోనివ్వొద్దంది కదా. ఆడపిల్లలు ఇలాంటివి ఇట్టే పసిగడతారు. రేపు మాత్రం వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు. ఆదివారం తలంటు అందా? తలంటే పోసుకోవాలి."

గౌరీశంకరం ఎక్కడికెళ్ళినా సంచిలో నువ్వుల నూనె సీసా, వాళ్ళమ్మ పంపిన సున్నిపిండి పొట్లం, రాగి చెంబు మోస్తాడు. ఎందుకురా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్న ఆ స్నానాల భవంతి పసుప్పచ్చగా రాజుగారి కోటలా ఉంది. మధ్యలో ఆరుబయట నీలం నీళ్ళ కొలను. చలిలో తెల్లగా ఆవిర్లు లేస్తున్నాయి. తాతల వయసు వాళ్ళు మెడలోతు నీళ్ళలో నిలబడి, గట్టు మీద బల్ల పెట్టుకుని చదరంగం ఆడుతున్నారు. మైథిలి ఆడవాళ్ళ వైపు బట్టలు మార్చుకుని ముందే నీళ్ళలో దిగి, వీళ్ళ కోసం చూస్తోంది.

వచ్చారు. ముందు దొరబాబు, తల మీంచి నూనె చెవుల మీదుగా కారుతోంది. వెనక తాతాజీ, ఒళ్ళంతా సున్నిపిండి, అప్పుడే పసుపు దంచి వచ్చిన రోకలిబండలా ఉన్నాడు. ఆ వెనక గౌరీశంకరం, చేతిలో చెంబు. ముగ్గురూ మెట్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఒకడి వీపు ఒకడు రుద్దటం మొదలెట్టారు. "గట్టిగా రుద్దరా, మట్టి రాలాలి" అని దొరబాబు, "కళ్ళు మూసుకో, కళ్ళు!" అని గౌరీశంకరం. కొలనులో చెంబు ముంచటం, నెత్తిన గుమ్మరించటం. ఆ నీళ్ళన్నీ మళ్ళీ కొలనులోకే.

మైథిలి ముక్కు దాకా నీళ్ళలో మునిగింది. ఈ ముగ్గురూ తనకి తెలుసని ఎవరికీ తెలియకూడదని ఆ పిల్ల ఆశ. కానీ దొరబాబు ఊరుకుంటాడా! "మైథిలి గారండీ! ఇంట్లో లాగే ఉందండీ!" అని అక్కణ్ణించే కేకేశాడు.

నూనె నీళ్ళ మీద తెట్టులా పాకింది. సున్నిపిండి ముద్దలు తేలుకుంటూ చదరంగం దాకా వెళ్ళాయి. ఒక తాత మంత్రిని ఎత్తబోతే, అది నూనె చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. రెండో తాత అది ఓటమే అన్నాడు. మొదటి తాత కాదన్నాడు. ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకోబోయారు, ఇద్దరికీ జుట్టు లేక ఆగారు. ఒకావిడ మెట్టు మీద కాలు జారి, ఇంకొకాయన మెడ పట్టుకుంది. ఆయన భార్య పక్కనే ఉంది. ఇంకేముంది, ఈలలు, కేకలు. కాపలాదారు ఎర్రబడ్డ మొహంతో పరిగెత్తుకొచ్చి, హంగేరియన్‌లో ఉరుములు ఉరిమాడు. కొలనంతా ఖాళీ చేసి కడగాలిట. ఆదివారం పూట!

"ఏమంటున్నాడండి?" అన్నాడు దొరబాబు.

మైథిలికి ఒళ్ళు మండిపోయింది. "ఏమంటాడు? ఉన్నవాళ్ళని ఉన్నట్టుగా ఈ క్షణమే బయటికి పొమ్మంటున్నాడు!"

అంతే. ముగ్గురూ లేచారు. బట్టలు లాకర్లో ఉన్నాయి. కానీ ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా అంటే బట్టలు వేసుకోకూడదు కదా. ఈ క్షణమే అంటే ఒళ్ళు తుడుచుకోకూడదు కదా. అలాగే తడి నిక్కర్లతో, నూనె తలలతో, ఒంటి మీద సున్నిపిండితో, చెంబుతో, గేటు దాటి నవంబరు వీధిలోకి నడిచారు. బయటికి అన్నాడు గానీ ఎంత బయటికో చెప్పలేదు. అందుకని ఆగలేదు. పార్కు దాటారు. పెద్ద పెద్ద విగ్రహాలున్న కూడలి దాటారు. టూరిస్టులు ఇదేదో సంప్రదాయ నృత్యమనుకుని చుట్టూ మూగి ఫోటోలు తీశారు. ఒకాయన భక్తిగా చెంబులో చిల్లర కూడా వేశాడు.

"గొప్ప ఊర్రా. బయటికి పొమ్మని మళ్ళీ వాళ్ళే దక్షిణ ఇస్తున్నారు" అన్నాడు తాతాజీ, పళ్ళు టకటకలాడుతుంటే.

మైథిలి లాకర్లు తెరిపించి, వాళ్ళ బట్టల మూటతో పరిగెత్తి పరిగెత్తి ఒక ట్రామ్ స్టాపు దగ్గర పట్టుకుంది. తిట్టాలని నోటి నిండా తిట్లు సిద్ధం చేసుకునే వచ్చింది. దొరబాబు పెదాలు నీలంగా ఉన్నాయి. వణుకుతూనే అడిగాడు.

"ఇంకా ఎంత దూరం వెళ్ళాలండి?"

ఆ పిల్ల ట్రామ్ స్టాపు బెంచీ మీద కూలబడి నవ్వటం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు వచ్చాయి, పొట్ట పట్టుకుంది. తర్వాత మూటలోంచి కోటు తీసి వాడి భుజాల మీద కప్పి, ముగ్గుర్నీ పక్కనే ఉన్న హోటల్లోకి తీసుకెళ్ళి వేడివేడి సూప్ తాగించింది. వాడు తాగుతున్నంతసేపూ వాడివైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపులో కోపం లేదు.

సాయంత్రం స్టేషన్లో తాతాజీ, గౌరీశంకరం రైలెక్కి కూర్చున్నారు. దొరబాబు తలుపు దగ్గర నిలబడ్డాడు. మైథిలి ప్లాట్‌ఫారం మీద. వాడికి ఆశ లేదు. రాత్రి వాళ్ళమ్మకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

"దొరబాబు గారూ, ఇప్పటిదాకా నేను చూసిన సంబంధాల వాళ్ళందరూ తెలివైనవాళ్ళే" అంది మైథిలి. "నేను మాట్లాడుతుంటే ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. ఇంకొకాయన నా మాట మధ్యలోనే అందుకుని నాకే పాఠం చెప్పాడు. నేనన్న మాట ఒక్కటి కూడా నేల మీద పడనివ్వని మనిషిని ఇప్పుడే చూశాను. మీతో వేగటం కష్టమే. నేను మాట్లాడే ముందు ఆలోచించుకోవాలి, అంతే. అది నేర్చుకుంటాను. నాకు ఇష్టమేనండి."

 దొరబాబుకి కళ్ళు నిండాయి. ఆ క్షణంలో వాడంత సంతోషంగా ఉన్నవాడు ఆ రైలు మొత్తంలో లేడు.

అక్కడితో ఆపేసి ఉంటే ఎంత బాగుండేది! కానీ రెండు రోజులు ఆ ముగ్గురితో తిరిగింది కదా, వాళ్ళ గాలి కాస్త సోకినట్టుంది. నవ్వుతూ వేలు చూపించి ఇంకో మాట అంది.

"ఇదిగో, ఇప్పుడే ఎవరికీ చెప్పకండి. మా నాన్నగారికి ముందు నేను చెప్పుకోవాలి. మీ అమ్మగారు అడిగినా, మా నాన్నగారు అడిగినా, ఆఖరికి నేనే వచ్చి అడిగినా సరే, నోరు విప్పకూడదు!"

ఆలోచించుకుని మాట్లాడతానని ఇప్పుడే కదమ్మా అన్నావు?

రైలు కదిలింది. "ఏమందిరా?" అని తాతాజీ, గౌరీశంకరం ఇద్దరూ వాడి మీద పడ్డారు. దొరబాబు పెదాలు బిగించాడు. బతిమాలారు. గిలిగింతలు పెట్టారు. ఊహూఁ. వాడి కళ్ళలో నీళ్ళు చూసి, "పోయిందిరా పాపం" అని ఇద్దరూ వాడికి చెరో బిస్కట్ ప్యాకెట్ ఇచ్చి ఓదార్చారు.

వీరలక్ష్మమ్మ గారు ఫోన్ చేశారు. "ఏరా, పిల్ల ఏమంది?"

"ఏమీ అనలేదమ్మా."

"ఇష్టమందా, లేదందా?"

"ఏమీ అనలేదమ్మా."

ఆవిడ అవతల ముక్కు చీదటం వినిపించింది. "నా రాత ఇంతే" అని ఏడ్చారు.  దొరబాబు ఒక్క మాట చెప్తే తల్లి ఏడుపు ఆగిపోతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్ని మళ్ళీ లోపలికి మింగాడు. అమ్మే కదా చెప్పింది, ఆ పిల్ల మాట తప్పొద్దని!

మర్నాడు మైథిలి తండ్రితో మాట్లాడింది. ఆయన సంబరపడిపోయాడు. అయినా అబ్బాయి నోటితో కూడా ఒక మాట వింటే బాగుంటుందన్నాడు. మైథిలి దొరబాబుకి ఫోన్ చేసి, కాకినాడ నుంచి తండ్రిని కూడా లైన్లోకి కలిపింది. ఇటు దొరబాబు స్పీకర్ పెట్టాడు. తాతాజీ, గౌరీశంకరం చెరో పక్కా చేరారు.

"బాబూ, అమ్మాయి నాకు అంతా చెప్పింది" అన్నాడాయన ఆప్యాయంగా. "స్టేషన్లో నీతో ఏమందో నువ్వు కూడా చెప్పు, వింటాను."

దొరబాబు నిటారుగా కూర్చున్నాడు. ఇదే అసలు పరీక్ష.

"ఏమీ అనలేదండి."

"అదేమిటి!" అంది మైథిలి. "నాన్నకి నేను చెప్పేశాను, ఇంక పర్వాలేదు, చెప్పండి. మీరంటే నాకు ఇష్టమని చెప్పాను కదండీ!"

"అబ్బే, అలాంటిదేం లేదండి."

"నేనే అడుగుతున్నాను, దొరబాబు గారూ!"

ఆఖరికి ఆవిడే వచ్చి అడిగింది! చెప్పినట్టే అడిగింది!  ఇంతదాకా వచ్చి ఇప్పుడు ఓడిపోకూడదు. దొరబాబు గొంతు సవరించుకుని, ఎవరికీ ఏ అనుమానమూ మిగలకుండా తేల్చి చెప్పాడు.

"మీకు నేనంటే ఇష్టం లేదండి. నాకు బాగా గుర్తుంది. నిన్న మీరసలు స్టేషన్‌కే రాలేదండి."

 కాకినాడ లైన్ కట్టయింది. ఆ వెంటనే బుడాపెస్ట్ లైన్ కూడా కట్టయింది.

దొరబాబు ఫోన్ బల్ల మీద పెట్టి, ఇద్దరు స్నేహితుల వంకా గర్వంగా చూశాడు.

"చూశార్రా? మైథిలి గారికే చెప్పలేదు, ఇంక ఎవరికి చెప్తాను!"